భయదత్తం దానం కాదు

1889లో మద్రాసు హైకోర్టు ముందుకు ఒక వివాదం వచ్చింది. పదమూడేళ్ళ బాలిక భర్తను కోల్పోయింది. శవం ఇంట్లోనే ఉంది. తాము చూపిన బాలుణ్ణి ఆమె దత్తత స్వీకరిస్తే తప్ప ఆ శవాన్ని గడప దాటనిచ్చేది లేదని బంధువులు అడ్డుపడ్డారు. హిందూ గృహంలో శవం ఉన్నంతసేపు పొయ్యిలో నిప్పు రాజుకోదు. అంత్యేష్టి ఆగితే పోయినవాడి గతి ఏమవుతుందన్న భయం వేరొకటి. ఆ బాలిక సరేనంది. దత్తత జరిగింది. అయినా ఆ దత్తత ఆమెను బంధించదని న్యాయస్థానం తేల్చింది. ఆమె నోట వచ్చినది అంగీకారవాక్యమే గాని ఆమె మనస్సులోనిది అంగీకారం కాదు.

నేడు గడపలో శవాన్ని ఆపేవారు అరుదు. దానికి బదులు గ్రహదోషం, పితృశాపం, గురుకోపం, వంశక్షయం గడపలో నిలబడుతున్నాయి. భర్త పోయిన దుఃఖం చల్లారని వృద్ధురాలి చేత, చికిత్సకు లొంగని వ్యాధితో కుంగిన గృహస్థు చేత, బిడ్డలు దూరదేశాల్లో ఉన్న ఏకాకి చేత దస్తావేజు రాయించి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వేలిముద్ర వేయించి, దానికి దానమని పేరు పెట్టేవారు ఉన్నారు. ఎవరైనా ప్రశ్నిస్తే మూడు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. స్వేచ్ఛాసమ్మతి అనేది పరాయి చట్టం తెచ్చిన భావన అన్నది మొదటిది. గురుశిష్య సంబంధానికి ఒప్పంద నియమాలు వర్తించవన్నది రెండవది. బలి, కర్ణుడు, దశరథుడు మాట ఇచ్చాక వెనుదీయలేదు కనుక భక్తుడూ వెనుదీయరాదన్నది మూడవది. ఈ మూడూ ధర్మం వేషం వేసుకున్న అధర్మవాదాలే. మూడింటినీ క్రమంగా పరీక్షించాలి.

ఒప్పందానికి ప్రాణం ఏది?

పూర్వపక్షాలలోకి ప్రవేశించే ముందు చట్టం నిజంగా ఏమంటున్నదో తెలియాలి. భారత ఒప్పందాల చట్టం 1872 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. దాని పదవ సెక్షన్ ప్రకారం ప్రతి అంగీకారమూ చట్టబద్ధమైన ఒప్పందం కాదు. చేసేవారికి యోగ్యత ఉండాలి. సమ్మతి స్వేచ్ఛగా ఉండాలి. ప్రతిఫలం, ఉద్దేశం న్యాయసమ్మతం కావాలి. యోగ్యత అంటే యుక్తవయస్సు, స్వస్థమైన బుద్ధి, చట్టపరమైన నిషేధం లేకపోవడం. మైనరు చేసిన ఒప్పందం మొదటినుంచే శూన్యమని 1903లో ప్రీవీ కౌన్సిల్ నిర్ణయించింది.

సమ్మతికి చట్టం ఇచ్చిన నిర్వచనం ఉపనిషద్వాక్యంలా సంక్షిప్తం: ఇరువురూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో అంగీకరించాలి. పది ఎకరాలు అమ్ముతున్నానని ఒకరు, పది ఎకరాలు కౌలుకు తీసుకుంటున్నానని మరొకరు అనుకుంటూ ఒకే కాగితం మీద సంతకాలు చేస్తే అక్కడ సంతకాలు రెండున్నాయి గాని సమ్మతి ఒక్కటీ లేదు. అలా కలిసిన సమ్మతి కూడా స్వేచ్ఛగా ఉండాలి. నిర్బంధం, అనుచిత ప్రభావం, మోసం, అయథార్థకథనం, పొరపాటు అనే అయిదు కారణాలు ఆ స్వేచ్ఛను హరిస్తాయి.

నిర్బంధమంటే కత్తి చూపడమొక్కటే కాదు. 1917లో మద్రాసు హైకోర్టు విచారించిన మరొక వ్యాజ్యంలో ఒక గృహస్థు తన భార్యా కుమారులు తమదని చెప్పుకుంటున్న ఆస్తిని తన సోదరుడికి వదులుతూ పత్రం రాయాలన్నాడు. రాయకపోతే ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించాడు. వారు రాశారు. అది నిర్బంధమేనని అధికసంఖ్యాక న్యాయమూర్తులు నిర్ణయించారు. భార్య మెడ మీద కత్తి లేదు. ఆమె మాంగల్యం మీద ఉంది. ప్రేమను ఆయుధం చేసినా అది ఆయుధమే.

భక్తులు ప్రత్యేకంగా తెలుసుకోదగిన అంశం మరొకటి ఉంది. చట్టపరమైన బాధ్యత లేని పనిని ఒకరిచేత చేయించడానికి, చేయకపోతే దైవాగ్రహానికి గురవుతావని నమ్మించడం శిక్షార్హమైన నేరం. 1860 నాటి శిక్షాస్మృతిలో అది 508వ సెక్షన్. నేటి భారతీయ న్యాయ సంహితలో 354వ సెక్షన్. పూర్వం ఋణదాతలు, యాచకులు ఇంటి ముందు ధర్నా కూర్చొని, తాము అక్కడ కూర్చోవడం వల్ల ఇంటివారు దైవాగ్రహానికి పాత్రులవుతారని భయపెట్టేవారు. ఆ ఆచారాన్నే శిక్షాస్మృతి ఉదాహరణగా తీసుకుంది. శిక్షాస్మృతి నిషేధించిన పనితో బెదిరించి, లేదా ఆ పనినే చేసి, ఒప్పందం రాయించుకోవడమే నిర్బంధమని ఒప్పందాల చట్టం అంటుంది. కనుక ‘రాసివ్వకపోతే స్వామి ఆగ్రహిస్తాడు’ అని వణికించి రాయించుకున్న పత్రాన్ని భక్తిపత్రమని పిలవడం కంటె నిర్బంధపత్రమని పిలవడమే న్యాయం.

పూర్వపక్షం ఒకటి: ఇది పరాయి భావన

ఆంగ్లేయులు రాకముందు భారతీయ సమాజంలో కర్తవ్యం ఉండేది గాని ఒప్పందం లేదని, సమ్మతి, స్వేచ్ఛ అనే లెక్కలు వ్యాపారజాతులు నేర్పినవని కొందరు గర్వంగా చెబుతారు. విచిత్రమేమిటంటే ఈ గర్వానికి మూలం కూడా ఒక ఆంగ్లేయుడి సిద్ధాంతమే. ప్రగతిశీల సమాజాలు జన్మసిద్ధమైన స్థితి నుంచి ఒప్పందం వైపు పయనించాయని హెన్రీ మెయిన్ 1861లో ప్రతిపాదించాడు. దానిని అరకొరగా విన్నవారు, భారతీయులకు ఒప్పందధర్మమే తెలియదన్న నిందను భూషణంగా ధరిస్తున్నారు.

స్మృతులను తెరిచినవారికి ఈ భ్రమ ఒక్క పుటలో తొలగుతుంది. మనువు పరిగణించిన పద్ధెనిమిది వ్యవహారపదాలలో ఋణాదానం, నిక్షేపం, అస్వామివిక్రయం, సంభూయసముత్థానం, వేతనాదానం, సంవిద్వ్యతిక్రమం, క్రయవిక్రయానుశయం ఉన్నాయి. అప్పు, భద్రపరచమని ఇచ్చిన సొమ్ము, యజమాని కానివాడు చేసిన అమ్మకం, భాగస్వామ్య వ్యాపారం, కూలి, కట్టుబాటును ఉల్లంఘించడం, కొని లేక అమ్మి పశ్చాత్తాపపడడం అన్నవే వాటి అర్థాలు. వీటిలో ఒప్పందంతో సంబంధం లేనిది ఏది? కొన్నవాడికైనా అమ్మినవాడికైనా మనస్సు మారితే పది రోజుల లోపల తిరిగి ఇచ్చిపుచ్చుకొనే అవకాశాన్ని సైతం మనువు కల్పించాడు.

సమ్మతి విషయంలో స్మృతికారుల దృష్టి మరింత నిశితం. బలవంతంగా ఇప్పించినది, బలవంతంగా అనుభవించినది, బలవంతంగా రాయించినది అసలు చేయనట్టే లెక్క అని మనువు అష్టమాధ్యాయంలో శాసించాడు. మత్తులో ఉన్నవాడు, ఉన్మత్తుడు, ఆర్తుడు, పరాధీనుడు, బాలుడు చేసిన వ్యవహారం సిద్ధించదన్నాడు. కపటం కనిపించిన తాకట్టును, అమ్మకాన్ని, దానాన్ని రద్దు చేయమన్నాడు. బలంతో, మోసంతో నడిచిన వ్యవహారాలను వెనక్కి తిప్పమని యాజ్ఞవల్క్యుడు రాజును ఆదేశించాడు. రాత్రివేళ, ఇంటి లోపల, ఊరి వెలుపల జరిగినవాటినీ ఆ జాబితాలోనే చేర్చాడు. చీకట్లో, అడవిలో, రహస్యంగా కుదిరిన వ్యవహారాలు చెల్లవని కౌటిల్యుడూ అన్నాడు. స్వేచ్ఛాసమ్మతి వెలుతురులో, నలుగురి ఎదుట నిలబడగలదు. నిలబడలేనిదానిని శాస్త్రం మొదటినుంచీ శంకించింది.

నారదుడు మరింత ముందుకు వెళ్ళి దానాన్ని నాలుగుగా విభజించాడు. ఇవ్వదగినది, ఇవ్వరానిది, ఇచ్చినది, ఇచ్చినా ఇవ్వనట్టిది. ఈ చివరిదానికి ఆయన పెట్టిన పేరు అదత్తం. దానికి పదహారు భేదాలు చెప్పాడు. భయంతో ఇచ్చినది, క్రోధంలో ఇచ్చినది, శోకవేగంలో ఇచ్చినది, పరిహాసంగా అన్నది, మోసపోయి ఇచ్చినది, బాలుడు ఇచ్చినది, అస్వతంత్రుడు ఇచ్చినది, ఆర్తుడు ఇచ్చినది అందులో ఉన్నాయి. అన్నింటికంటె ముఖ్యమైనది, పాత్రుడు కానివాడిని పాత్రుడని చెబితే నమ్మి తెలియక ఇచ్చినది, ధర్మకార్యమనుకొని అధర్మానికి ఇచ్చినది కూడా అందులో ఉన్నాయి. కపటగురువుకు ఇచ్చిన దానపత్రం విలువ ఎంతో ఇంతకంటె స్పష్టంగా ఏ ఆధునిక చట్టం చెప్పింది?

ఈ జ్ఞానం సంస్కృతపండితుల పెట్టెల్లో మగ్గిపోలేదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను ఆధారం చేసుకొని పదమూడవ శతాబ్దిలోనే కేతన తెలుగు పద్యాలలో విజ్ఞానేశ్వరీయం రచించాడు. తెలుగువాడికి వ్యవహారధర్మం తన భాషలో అందుబాటులోకి వచ్చి ఏడు శతాబ్దాలు దాటింది.

స్మృతులలోని ప్రతి నియమమూ నేటికి యథాతథంగా వర్తిస్తుందని దీని అర్థం కాదు. స్త్రీని, సేవకుణ్ణి అస్వతంత్రుల జాబితాలో చేర్చిన కాలం అది. నేటి చట్టం ఆ సంకెల తొలగించి స్త్రీకి సమానయోగ్యత ఇచ్చింది. అది సవరించవలసినదే, సవరించబడింది. కాని స్వతంత్రుడు కానివాడి మాటను బలవంతుడు సొమ్ము చేసుకోరాదన్న మూలసూత్రం మాత్రం మారలేదు. చట్టం ఆ సూత్రాన్ని విస్తరించింది గాని దిగుమతి చేయలేదు.

పూర్వపక్షం రెండు: గురువుకు ఒప్పందనియమాలు వర్తించవు

ఇక రెండవ వాదం. ‘ఇది పారమార్థికం. మీరు చెప్పేదంతా వ్యావహారికం. శిష్యుడు గురువుకు సర్వస్వం సమర్పించాక ప్రతిఫలమేది, సమ్మతి ఏది అని లెక్కించడం లౌకికబుద్ధి’ అని దీని సారాంశం. వినడానికి గంభీరంగా ఉంటుంది. అయితే వ్యవహారం తక్కువదని చెప్పేవారు భూమి మాత్రం వ్యావహారికమైన రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారమే పుచ్చుకుంటారు. స్టాంపు కాగితం మీద తమ పేరు సరిగా పడిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. పుచ్చుకొనేటప్పుడు వ్యవహారం, ప్రశ్నించేటప్పుడు పరమార్థం అనడం ఏ వేదాంతంలోనూ లేదు. అద్వైతంలో కూడా జ్ఞానోదయం వరకు వ్యవహారం అబాధితమే. తిరుమల క్షేత్రపురాణం ప్రకారం సాక్షాత్తూ శ్రీనివాసుడు తన కల్యాణానికి కుబేరుని వద్ద అప్పు తీసుకొని, సాక్షుల ఎదుట ఋణపత్రం రాసిచ్చాడు. అందుకే ఆయన వడ్డికాసులవాడయ్యాడు. దేవుడు తలవంచిన వ్యవహారధర్మానికి గురువు అతీతుడా?

ఈ వాదులను ఒక్క ప్రశ్న అడగాలి. శిష్యుడు రాసిచ్చినది దానమా, ఒప్పందమా?

ఒప్పందమైతే దానికి ప్రతిఫలం ఉండాలి. ఆ ప్రతిఫలం మోక్షమా, రోగశాంతా, గ్రహదోషపరిహారమా? ఇవి ఇవ్వగల సామర్థ్యం, ఇవ్వాలన్న సంకల్పం గురువుకు ఉన్నాయా? నెరవేర్చే ఉద్దేశం లేకుండా చేసిన వాగ్దానాన్ని ఒప్పందాల చట్టం మోసంగానే పరిగణిస్తుంది. పరలోకఫలాన్ని ఇహలోకభూమితో వెలకట్టిన క్షణమే గురువు వర్తకుడయ్యాడు. వర్తకుడికి వర్తకధర్మమే వర్తిస్తుంది.

దానమైతే అది నిష్ప్రతిఫలంగా, స్వచ్ఛందంగా ఉండాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్ దానాన్ని నిర్వచించినది ఈ రెండు లక్షణాలతోనే. ఒప్పందమైతే ఏ కారణాలతో రద్దు చేయవచ్చునో, ప్రతిఫలానికి సంబంధించినవి మినహా ఆ కారణాలతోనే దానాన్నీ రద్దు చేయవచ్చునని ఆ చట్టమే 126వ సెక్షన్‌లో స్పష్టం చేసింది. ఇవ్వకపోతే కీడు జరుగుతుందన్న భయం వెనుక నిలబడి ఉంటే అందులో స్వచ్ఛందం ఎక్కడ? ఇదే ఉభయతఃపాశరజ్జువు. ఎటు లాగినా ఉరి బిగుసుకొనేది పుచ్చుకున్నవాడి మెడకే.

గురుశిష్య సంబంధం విషయంలో చట్టం ఉపేక్ష వహించలేదు. అటువంటి సంబంధాలనే దృష్టిలో ఉంచుకొని అనుచిత ప్రభావాన్ని పదహారవ సెక్షన్‌లో నిర్వచించింది. ఒకరి ఇచ్ఛను మరొకరు శాసించగల స్థితిలో ఉండడం, ఆ స్థితిని వాడుకొని అన్యాయమైన లాభం పొందడం దాని రెండు అంగాలు. అధికారం, విశ్వాసబంధం, వయస్సు, వ్యాధి, మానసికక్లేశం వల్ల మనస్సు బలహీనపడి ఉండడం ఆ స్థితికి నిదర్శనాలు. 1890లో అలహాబాద్ హైకోర్టు ముందుకు వచ్చిన వ్యాజ్యంలో ఒక వృద్ధుడు తన ఆత్మకు పరలోకంలో మేలు కలగాలన్న ఒకే ఒక్క కోరికతో ఆస్తినంతా తన గురువు పేర రాసిచ్చాడు. ఆ దానం నిలబడలేదు. అలాంటి స్థితిలో స్వేచ్ఛగా ఇచ్చాడని నిరూపించవలసిన భారం పుచ్చుకున్నవాడిది. ఇచ్చినవాడు తన బలహీనతను ఋజువు చేసుకోనక్కరలేదు. బలవంతుడే తన బలాన్ని వాడలేదని ఋజువు చేయాలి. ఇందులో గురుద్వేషం లేదు. తన శిష్యుడి స్వేచ్ఛను కాపాడిన గురువుకు ఈ భారం తృణప్రాయం.

పైగా సర్వస్వసమర్పణమన్న మాటకే శాస్త్రం హద్దు గీసింది. సంతానం ఉండగా సర్వస్వం ఇవ్వరాదని యాజ్ఞవల్క్యుడూ నారదుడూ ఏకకంఠంతో చెప్పారు. కుటుంబానికి బాధ కలగకుండా ఇవ్వగలిగినంతే ఇవ్వదగినది. ధర్మకార్యానికని అడిగి పుచ్చుకున్నవాడు ఆ కార్యం చేయకపోతే ఆ ద్రవ్యం అతనికి చెందదని, లోభంతో గాని దర్పంతో గాని దానిని రాబట్టజూస్తే రాజు దండించాలని మనువు విధించాడు. గోశాల పేరిట పుచ్చుకున్న పొలంలో విల్లాలు లేచినచోట, అన్నదానం పేరిట పుచ్చుకున్న నిధి వాహనాలుగా మారినచోట దాతకు ప్రశ్నించే హక్కు స్మృతులు ఇచ్చినదే.

పూర్వపక్షం మూడు: బలి వెనుదీయలేదు

మూడవ వాదమే భక్తుల హృదయాన్ని ఎక్కువగా కదిలిస్తుంది. వామనుడు మూడడుగులు అడిగాడు. బలి ఇచ్చాడు. లోకాలు పోయినా మాట తప్పలేదు. మరి భక్తుడు రాసిచ్చిన ఇల్లు తిరిగి అడగవచ్చా?

ఈ వాదం చేసేవారు అష్టమస్కంధాన్ని సగమే చదివారు. బలి దానధార పోయకముందు ఏం జరిగింది? శుక్రాచార్యుడు అడ్డువచ్చాడు. వచ్చినవాడు వటువు కాదు, సాక్షాత్తూ విష్ణువని చెప్పాడు. ఇస్తే రాజ్యం మిగలదని, బతుకుతెరువు సైతం పోతుందని హెచ్చరించాడు. ఏ సందర్భాలలో అసత్యం దోషం కాదో కూడా వివరించాడు. మాట నిరాకరిస్తే శపించాడు. అంటే బలికి అడిగినవాడు ఎవరో తెలుసు, ఫలితం తెలుసు, వద్దని చెప్పే హితైషి పక్కనే ఉన్నాడు, తప్పుకొనే దారీ ఉంది. అన్నీ తెలిసి, అన్నీ విని, తనంతట తాను ఇచ్చాడు. పుచ్చుకొనేవాడితో సంబంధం లేని నిపుణుడి సలహా దాతకు అందిందా అన్నదే అనుచిత ప్రభావం వ్యాజ్యాలలో న్యాయస్థానాలు ముందుగా చూసే విషయం. ఆ పరీక్షలో బలి కంటె ఘనంగా నెగ్గినవాడు ఎవరున్నారు?

కర్ణుడి కథా అదే చెబుతుంది. కవచకుండలాలు అడగడానికి ఇంద్రుడు బ్రాహ్మణవేషంలో వస్తాడని సూర్యుడు స్వప్నంలో ముందే చెప్పాడు. ఇవ్వవద్దన్నాడు. ఇచ్చేటట్టయితే బదులుగా అమోఘశక్తిని కోరమన్నాడు. కర్ణుడు తెలిసి ఇచ్చాడు, కోరవలసినది కోరి ఇచ్చాడు. పురాణకర్తలు ఈ హెచ్చరికలను కథాలంకారం కోసం పెట్టలేదు. దానం దానం కావాలంటే దాతకు చూపు ఉండాలని వారికి తెలుసు. నేటి దానపత్రాల వెనుక శుక్రాచార్యులు ఎక్కడ? కుమారుడికి తెలియకుండా, కుమార్తెకు చెప్పవద్దని ఒట్టు పెట్టించి, వకీలు గడప తొక్కనివ్వకుండా రాయించుకున్నవారు బలిచక్రవర్తి పేరు ఎత్తడానికి అర్హులు కారు.

దశరథుడి సంగతి వేరు. ఆయనకు ఈ స్వేచ్ఛ దొరకలేదు. వరాలలో ఏముందో తెలియకముందే రాముడి మీద ఒట్టు వేశాడు. తెలిశాక నేలకూలాడు. అయినా మాట నిలిచింది, రాముడు వనానికి వెళ్ళాడు. ఇక్కడే సూక్ష్మం గ్రహించాలి. ఆ సత్యనిష్ఠకు లోకం దశరథుణ్ణి, రాముణ్ణి కీర్తించింది. కైకను కీర్తించిందా? మాట నిలబెట్టుకోవడం ఇచ్చినవాడి ధర్మం. దానిని ఉచ్చుగా వాడడం పుచ్చుకున్నవాడి అధర్మం. ఒకరి సత్యం మరొకరి దౌర్జన్యానికి ఋజువుపత్రం కాజాలదు. ఆ మాట వల్ల రాజ్యం దక్కినవాడు భరతుడు. దక్కిన రాజ్యాన్ని ఆయన ముట్టలేదు. అన్న కాళ్ళ మీద పడి తీసుకొమ్మన్నాడు, చివరికి పాదుకలకు పట్టం కట్టాడు. అన్యాయంగా చేతికొచ్చిన దానం విషయంలో గ్రహీత ధర్మమేమిటో తెలుసుకోదలచినవారికి భరతుడే ప్రమాణం.

చట్టం సైతం సరిగ్గా ఇక్కడే నిలబడింది. నిర్బంధంతో, మోసంతో, అనుచిత ప్రభావంతో కుదిరిన ఒప్పందం దానంతటదే శూన్యం కాదు. అన్యాయానికి గురైనవారు కోరితే రద్దవుతుంది. కోరకపోతే నిలుస్తుంది. ఆ ఎంపిక వారొక్కరిదే. బాధితుడు దశరథుడిలా మాటకు కట్టుబడదలచుకుంటే చట్టం అడ్డుపడదు. కాని కట్టుబడి తీరాలని శాసించే అధికారం మాత్రం కైకకు ఇవ్వదు. ‘సత్యం తప్పుతావా’ అని వృద్ధురాలిని నిలదీసే గ్రహీత హరిశ్చంద్రుడి పక్షాన మాట్లాడుతున్నానని భ్రమపడుతున్నాడు. నిజానికి అతను అడుగుతున్నది ఆమె సత్యాన్ని కాదు, తన స్వాధీనాన్ని.

కర్తృత్వం లేనిచోట పుణ్యం లేదు

ఈ వివాదానికంతటికీ అడుగున ఒక దార్శనికసత్యం ఉంది. పాణిని వ్యాకరణం కర్తను స్వతంత్రుడిగా నిర్వచించింది. క్రియలో స్వాతంత్ర్యం ఉన్నవాడే కర్త. కర్మను చేయడం, మానడం, మరోవిధంగా చేయడం పురుషుడి అధీనమని శంకరులు బ్రహ్మసూత్రభాష్యంలో జ్ఞానానికీ కర్మకూ భేదం చూపుతూ చెప్పారు. మానే దారి మూసేస్తే మిగిలినది కర్మ కాదు, చేష్ట. గాలికి ఊగిన కొమ్మ పూజ చేసినట్టు కాదు. భయానికి ఊగిన చేయి దానం చేసినట్టూ కాదు. అక్కడ దాతకు పుణ్యం లేదు. ఎందుకంటే అతను కర్త కాడు. గ్రహీతకు మాత్రం పాపం ఉంది. ఎందుకంటే ఆ చేయిని ఊపినవాడు అతనే, అసలు కర్త అతనే.

గీతాచార్యుడి ప్రవర్తన దీనికి పరాకాష్ఠ. పద్ధెనిమిది అధ్యాయాలు బోధించిన తర్వాత, విశ్వరూపం చూపిన తర్వాత, కృష్ణుడు అర్జునుడితో అన్న మాటేమిటి? చెప్పినదంతా సంపూర్ణంగా విమర్శించి, ఆ పైన ఇష్టం వచ్చినట్టు చేయమన్నాడు. యుద్ధభూమి మధ్యలో, క్షణాలు విలువైనవేళ, సర్వజ్ఞుడైన జగద్గురువు శిష్యుడికి ఆలోచించుకొనే అవకాశం ఇచ్చాడు. రేపటి ముహూర్తం దాటితే దోషం తొలగదని తొందరపెట్టే గురువు ఎవరిని అనుకరిస్తున్నాడో అతనే చెప్పుకోవాలి. దానాలను సాత్త్విక రాజస తామసాలుగా విభజించిన చోట కూడా గీత క్లేశపడుతూ ఇచ్చినదానిని సాత్త్వికంలో చేర్చలేదు.

భక్తులకు, గురుస్థానాలకు కర్తవ్యం

నిజమైన దానానికి ఈ వాదం ఆటంకం కాదు, రక్ష. దేవాలయానికి, వేదపాఠశాలకు, గోశాలకు ఇవ్వదలచిన భక్తుడు తన శుక్రాచార్యుణ్ణి తానే వెతుక్కోవాలి. గ్రహీత చూపిన వకీలు కాక తనకు తెలిసిన వకీలు చేత దస్తావేజు చదివించుకోవాలి. భాష అర్థం కాకపోతే తెలుగులో పూర్తిగా చెప్పించుకోవాలి. సంతానం ఎదుట మాట్లాడాలి. మరణశౌచంలో, ఆసుపత్రి మంచం మీద, శోకవేగంలో ఏ పత్రం మీదా సంతకం చేయకూడదు. నేడు భక్తితో ఇవ్వాలనిపించినది ఆరు నెలల తర్వాతా ఇవ్వాలనిపిస్తే అది నిలిచే భక్తి. ఇప్పటికే మోసపోయినవారు సిగ్గుతో కాలం వెళ్ళబుచ్చరాదు. పత్రాన్ని రద్దు చేయించుకొనే వ్యాజ్యానికి, రద్దుకు ఆధారమైన విషయాలు తెలిసిన నాటినుంచి మూడేళ్ళే గడువు. మౌనం భక్తి అనిపించవచ్చు. చట్టం దృష్టిలో అది కాలాతీతం, శాస్త్రం దృష్టిలో అధర్మానికి అనుమోదం.

గురుస్థానాలకు కర్తవ్యం ఇంకా సులభం. ఏకాకి భక్తుడు సర్వస్వం ఇస్తానని వస్తే ముందు వద్దనాలి. బంధువులను పిలిపించాలి. సలహా తీసుకొని రమ్మని పంపాలి. తిరిగి వస్తే, అప్పటికీ అతని అన్నవస్త్రాలకు లోటు రానంత మేరకే పుచ్చుకోవాలి. ఇలా చేసే పీఠాధిపతులు, ఆచార్యులు ఉన్నారు కనుకనే గురుశబ్దానికి ఇంకా గౌరవం మిగిలి ఉంది. వారి గౌరవాన్ని తమ దోపిడికి గొడుగుగా పట్టేవారిని విమర్శించడం గురునింద అనిపించుకోదు. గురువుకూ గురువేషానికీ భేదం చూపకపోవడమే గురునింద.

మద్రాసులో ఆ పదమూడేళ్ళ బాలిక ఎదుట నిలబడి షరతు పెట్టినవారు సైతం శాస్త్రం పేరే చెప్పి ఉంటారు. దత్తత శాస్త్రసమ్మతం, అంత్యేష్టి శాస్త్రవిహితం. రెండు ధర్మాలను ముడివేసి ఒక అధర్మం తయారుచేశారు. ఆ ముడి విప్పినది న్యాయస్థానం. ఆ పని ధర్మజ్ఞులదై ఉండవలసింది. భయంతో వంగిన చేయి నుంచి రాలినదానిని దానమని స్వీకరించే ప్రతిచోట అదే శవం ఇంకా గడపలోనే ఉంది. దానిని ముందు దాటనివ్వాలి. దానం సంగతి ఆ తర్వాత.

స్వస్తి.